కొండాపూర్ మట్టి రైలెక్కిన రోజు

యాత్ర అంటే కాశీ, రామేశ్వరం కాకపోయినా కనీసం భద్రాచలమైనా అయి ఉండాలని మా ఇంట్లోవాళ్ళ నమ్మకం. నేను వెళ్ళింది కొండాపూర్. నాంపల్లిలో పాసెంజరు బండి ఎక్కితే గంట తిరిగేలోగా హఫీజ్‌పేట వస్తుంది, అక్కడి నుంచి ఎడ్లబండి. చూడడానికి గుడి లేదు, కోట లేదు. "మరెందుకు పోతున్నవే?" అని మా పక్కింటావిడ అడిగితే "మట్టి తేవడానికి" అన్నాను. ఆవిడ మా అమ్మ వైపు జాలిగా చూసి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, నేను వ్యవసాయ కళాశాలలో రెండో ఏడు చదువుతున్నాను. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. విత్తనాలు, ఎరువులు, చీడపీడలు అన్నీ చెబుతారు గాని, నా ప్రాణమంతా మట్టి పాఠంలోనే ఉంది. ఆ పాఠం చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినాయన. విద్యార్థులందరినీ "గారు" అని పిలుస్తాడు, అందుకు మావాళ్ళు వెనక నవ్వుకుంటారు. ఈ చలికాలం ఊరూరా తిరిగి నేలను పరీక్షించే జట్టు ఒకటి ఆయన తయారుచేస్తుంటే, నా పేరు కూడా రాసుకోమని అడిగాను. ఆయన తన గొడుగు పిడి వైపు చూస్తూ జవాబిచ్చాడు.

"చూడండి సుశీలగారూ, ఇది ఎండలో గోతుల్లో దిగే పని. పోనీ ఒక పని చేయండి. ఏదైనా చెల్క నేల నుంచి ఒక మట్టి స్తంభాన్ని బీటు పడకుండా తెచ్చి చూపించండి. తెస్తే జట్టులో చేరండి. లేదంటే పూలతోటల విభాగం ఉందండి, నీడపట్టున ఉంటుంది" అన్నాడు.

మట్టి స్తంభమంటే ఏమిటో చెప్పాలి. పొలంలో నిలువు గొయ్యి తవ్వి, దాని గోడలో నుంచి ఒక పొడుగాటి ముక్కను, పైపొర మొదలు అడుగు రాయి దాకా, ఉన్నది ఉన్నట్టు చెక్కాలి. దాని కొలతకే చేయించిన చెక్కపెట్టెలో దాన్ని దింపి తేవాలి. అప్పుడు ఆ ఊరి నేల లోపల ఎలా ఉందో గదిలో కూర్చుని చూడవచ్చు. బంకనేల అయితే ముక్క మొండిగా నిలబడుతుంది. మా వైపు ఎర్ర చెల్క, అంటే ఇసుకపాలు ఎక్కువున్న మెట్టనేల, మాత్రం చెయ్యి తగిలితే రాలుతుంది. ఈ సంగతి సారుకు తెలుసు, నాకూ తెలుసు. నాకు పూలంటే కోపం లేదు గాని, నీడపట్టున కూర్చోవాలంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటినా, పల్లెల వైపు వెళ్తామంటే పట్నంలో ఇళ్ళవాళ్ళు ఇంకా గుండెలు పట్టుకునే రోజులివి. మా బాపు ఒకే షరతు పెట్టాడు, మేనత్త వెంట రావాలని. మా మేనత్త అండాళమ్మకు తాంబూలం అయిపోతుందన్న భయం తప్ప ఇంకో భయం లేదు. పైగా ఏటా ఆమె ఇంటికి చింతపండు తెచ్చి ఇచ్చే మల్లయ్యది కొండాపూరే. అతనికి కబురు వెళ్ళింది. నాలుగు రోజుల్లో వడ్రంగి పెట్టె చేసిచ్చాడు. నిలబెడితే నా నడుము దాకా వచ్చింది, వెడల్పు జానెడు.

శనివారం ఉదయం ఏడున్నరకు నాంపల్లి స్టేషన్‌లో ఉన్నాం. మూడో తరగతి టికెట్లు, ఆడవాళ్ళ జనానా డబ్బా. పెట్టె ఖాళీ కనుక దానికి సామాను కిరాయి అడగలేదు. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట చెబుతాను, ఉదయం బండిలో చోటు బాగా దొరుకుతుంది. పట్నంలో కూరగాయలు అమ్ముకుని ఊళ్ళకు తిరిగివెళ్ళే ఆడవాళ్ళు ఖాళీ గంపలను ఒకదానిలో ఒకటి పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. అందులో ఒకామె నా పెట్టెను వేలితో తట్టి చూసింది.

"ఏందమ్మా గిది, వీణెనా?"

"వీణె గాదు. మా పిల్ల దీన్ల మట్టి తెస్తది" అంది అత్తమ్మ.

"పట్నంల మట్టికి గూడ కరువొచ్చిందా?" అని ఆమె అడిగేసరికి డబ్బా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా ఉత్సాహానికి ఆరోజు ఎవరు ఏమన్నా నవ్వే వచ్చేది. హుసేన్‌సాగర్ మీద పొగమంచు ఇంకా విడలేదు. బేగంపేట దాటాక ఇళ్ళు తగ్గి గుండ్లు మొదలయ్యాయి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, మధ్యలో ఆముదం చేలు. నేను కిటికీలో నుంచి తల బయటపెట్టి నేల రంగు ఎక్కడెక్కడ మారుతోందో చూస్తూ కూర్చున్నాను. అత్తమ్మ నా జడ పట్టుకుని లోపలికి లాగుతూ కూర్చుంది.

హఫీజ్‌పేటలో మల్లయ్య బండితో సిద్ధంగా ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మాటకు ముందు నవ్వుతాడు. బండిలో గడ్డి పరిచి దుప్పటి వేశాడు. దారి చాలావరకు రాళ్ళదారి. అత్తమ్మ ప్రతి కుదుపుకూ ఒక దేవుణ్ణి తలచుకుంది. మధ్యలో చిన్న వాగు అడ్డం వచ్చింది. నీళ్ళు కోసేసిన దాని ఒడ్డు గోడలా నిటారుగా నిలబడి ఉంది. పైన లేత ఎరుపు, కింద ముదురు ఎరుపు, ఆ కింద గులకరాళ్ళ వరస. పుస్తకంలో బొమ్మ చూడడమేగాని, కళ్ళెదుట అలా చూడడం నాకదే మొదలు. బండి ఆపమని అరిచి దూకేశాను.

"ఏమైంది బిడ్డా, కడుపుల తిప్పుతున్నదా?" అంది అత్తమ్మ కంగారుగా.

"కాదత్తమ్మా, పొరలు. పొరలు చూడు."

అత్తమ్మ ఆ ఒడ్డును, నన్ను మార్చి మార్చి చూసింది. "మంచిగున్నయి గని, బండెక్కు" అంది.

కొండాపూర్ చిన్న ఊరు. మట్టిగోడల ఇళ్ళు, ఈతచెట్లు, ఊరి చుట్టూ చెల్కలు. దక్షిణంగా చూస్తే నానక్‌రామ్‌గూడ వైపు గుట్టలు కనిపిస్తాయి, ఆ అవతల మణికొండ అని మల్లయ్య చెయ్యి చూపించాడు. అతని చెల్క ఊరి చివర ఉంది. అక్కడ అతని భార్య లచ్చమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, ముఖమంతా సంతోషంతో నిలబడి ఉంది. ఆమె పక్కన చేను మధ్యలో, మంచం వెడల్పున నేలను చదును చేసి, పేడతో నున్నగా అలికి, నాలుగంచులా ముగ్గు వేసి ఉంది.

"గీ జాగలనే తవ్వుండ్రి" అంది. "పట్నంకెల్లి పెద్ద సదువులోళ్ళు మన మట్టి కోసం వస్తున్నరంటె గట్లనే ఇడిసిపెడతమా? చెర్వు మట్టి గూడ నాలుగు గంపలు తెచ్చి కలిపిన. ఇగ జూడు, ఎంత సక్కగున్నదో."

 నాకు కావలసింది చేనులో ఉన్నది ఉన్నట్టుండే పైపొర. ఇక్కడేమో చెరువు మట్టి, పేడ, ముగ్గుపిండి. ముఖం వేలాడేశాను. లచ్చమ్మ నవ్వు కూడా మెల్లగా తగ్గింది. "తప్పైందా బిడ్డా?" అని అడిగింది. తెల్లవారకముందు లేచి, చలిలో నాలుగు గంపల మట్టి మోసిన మనిషి. తప్పని ఎలా చెప్పను?

"తప్పు కాదు లచ్చమ్మా. నేను చూడాల్సింది ముస్తాబు చేయని నేలను. ఇది మరీ అందంగా ఉంది" అన్నాను.

"మరి గిప్పుడెట్ల?"

"ఎట్ల ఏముంది? అలికిన కాడ కూసొని తిందం, అలకని కాడ తవ్వుదం" అని తేల్చేసింది అత్తమ్మ. అందరం నవ్వుకున్నాం. కొంచెం దూరంగా ఆముదం కోసేసిన చోట మల్లయ్య గడ్డపార దించాడు. ఈ మధ్యే ఆ చెల్కలో గొర్రెల మంద పెట్టించాడట, పైమట్టిలో ఎరువు కనిపిస్తూనే ఉంది.

గొయ్యి నా నడుము దాటి దిగింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి దూకాను. కత్తితో ఒక గోడను నున్నగా గీసేసరికి నేల బయటపడింది. పైన ఇసుక కలిసిన ఎర్రమట్టి. దాని కింద నిగనిగలాడే ముదురెరుపు బంకమట్టి, చేతిలో నలిపితే తీగలా సాగింది. ఆ కింద గరుకు మొరం. అట్టడుగున తెల్లగా, గులాబీ చుక్కలతో, గోరు దిగేంత మెత్తబడిన రాయి. ఆ రాయే ఏళ్ళూ పూళ్ళూ నాని, పుచ్చి, మెత్తబడి, పైకొచ్చేసరికి మనకు జొన్న పండించే మట్టి అయింది. ఆ గోడకు చెయ్యి ఆనించి నిలబడితే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇంత సంతోషం నాకు ఏ పండగలోనూ కలగలేదు.

మొదటి ప్రయత్నం పాడైంది. స్తంభం చెక్కుతుండగానే పైభాగం పొడిపొడిగా రాలిపోయింది. గోడను తడిపి నాననిద్దామని నేనన్నాను. మల్లయ్య బావి నుంచి నీళ్ళు తెచ్చి, చాటలో గడ్డి పెట్టి దానిమీదుగా నెమ్మదిగా పోశాడు. ధారగా పోస్తే గోడ కూలేది. అది నానేలోగా లచ్చమ్మ అలికినచోట కూర్చుని జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు, గడ్డపెరుగు తిన్నాం. ఆ తొక్కు తిన్నవాళ్ళకు కళ్ళనీళ్ళు ఖాయం, అయినా వదలకండి.

రెండోసారి స్తంభం నిలబడింది. పెట్టెను దానిమీదికి మెల్లగా జరిపి, వెనక నుంచి కోసి, మల్లయ్య కింద పట్టుకోగా, లచ్చమ్మ, నేను పైన పట్టుకోగా, ఏ దేవుడూ మిగలకుండా అత్తమ్మ మొక్కుకోగా, బయటికి తీశాం. పెట్టెను పడుకోబెట్టి చూశాను. ఎక్కడా బీటు లేదు. మూతకు స్క్రూలు గట్టిగా బిగించాను. జట్టులో నా పేరు నాకు అప్పుడే కనిపించింది.

సాయంత్రం అయిదింటి బండి. పెట్టెకు సామాను కిరాయి కట్టమన్నారు, కట్టాను. సామాను డబ్బాలో వేయమని కూడా అన్నారు గాని, అక్కడ మూటల మీద మూటలు విసరడం చూసి నేను ఒప్పుకోలేదు. ఇక జనానా డబ్బా ఏదో సంత నుంచి వచ్చేవాళ్ళతో కిక్కిరిసి ఉంది. పెట్టెను నిలబెడితే మట్టి కిందికి జారుతుంది. నేలమీద పెడితే తొక్కుతారు. అత్తమ్మ డబ్బా మధ్యలో నిలబడి ఒక్కసారి కలయజూసింది.

"అమ్మా, జర అందరు వరుసకు కూసోండ్రి. ఇది మా పిల్ల పరీచ్ఛ. పట్నం దాక ఒళ్ళ పెట్టుకోవాలె."

ఎదురెదురు బల్లల మీద ఇరుక్కుని ఉన్న ఆడవాళ్ళు గొణుక్కుంటూనే సర్దుకున్నారు. ఒక బల్లమీద వరసగా కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పెట్టెను అడ్డంగా పడుకోబెట్టాం. అందులో ఒక చిన్నది నిండుకడుపుతో ఉంది. పేరు రాజమ్మట. తొలి కాన్పుకు తల్లి ఆమెను పట్నంలో దవాఖాన దగ్గరున్న చుట్టాలింటికి తీసుకువెళ్తోంది. పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది. "పొద్దటి సంది అన్నం ముట్టలే, ఏం పెట్టినా వద్దంటది" అని తల్లి కళ్ళు ఒత్తుకుంది.

బండి కదిలాక రాజమ్మ పెట్టె మూతకు ముక్కు ఆనించింది. తడిపిన మట్టి వాసన సందుల్లో నుంచి వస్తోంది. కాసేపటికి నా వైపు చూసి, చెప్పలేక చెప్పలేక అడిగింది.

"అక్కా, జరంత ఇస్తవా?"

నాకు అర్థం కానట్టు నటించాను. "ఏంటిది?"

"మట్టి. జరంత. వాసనకు పానం గుంజుతున్నది."

తల్లి ఆమెను కసిరింది. నా దగ్గరున్న రొట్టె ఇస్తానన్నాను. అల్లంమురబ్బా ఇస్తానన్నాను. రేపు చుట్టాలింటికి మంచి మట్టి పంపిస్తానన్నాను. రాజమ్మ వద్దనలేదు, అన్నిటికీ తలూపింది గాని, కళ్ళు మాత్రం పెట్టె మీద నుంచి తీయలేదు. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే మన ఇళ్ళల్లో లేదనరు. తమ వాకిట్లో ఉన్న ఒకే ఒక్క మామిడిపిందె అయినా కోసి ఇస్తారు. డబ్బా అంతా నా వైపే చూస్తోంది. నేను అత్తమ్మ వైపు చూశాను, ఏదైనా ఉపాయం చెబుతుందని. పొద్దుటి నుంచి ప్రతిదానికీ తీర్పు చెప్పిన మనిషి తమలపాకు ఈనె తీస్తూ "నీ ఇష్టం బిడ్డా" అంది.

నాకు ఏడుపు వచ్చింది, దాచుకోను. ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది. బీటు పడకుండా అన్న సారు మాట చెవిలో మోగుతూనే ఉంది. అలా అనుకుంటూనే స్క్రూలు విప్పాను. మూత తీసేసరికి ఆడవాళ్ళందరూ ముందుకు వంగారు.

"మన కాళ్ళ కింద గిట్లుంటదా?" అంది ఒక ముసలావిడ. "గిన్నేండ్లు నడిచిన, నాకు ఎర్కనే లేదు." ఆమె గొంతులోని ఆశ్చర్యం విని నా ఏడుపు కాస్త వెనక్కి తగ్గింది.

పైపొర అంచు నుంచి చిటికెడు తీస్తే స్తంభానికి పెద్ద నష్టం లేదు. చెయ్యి అక్కడికి వెళ్ళింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. కత్తిమొన సరిగ్గా స్తంభం నడుమ, ముదురెరుపు బంకమట్టిలో దించి, ఉసిరికాయంత ముద్ద తీసి రాజమ్మ అరచేతిలో పెట్టాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని కొద్దికొద్దిగా కొరుక్కు తింది. సగం తిన్నాక చాలంది. తర్వాత నీళ్ళు అడిగింది. ఆ తర్వాత, తల్లి నోరు తెరుచుకుని చూస్తుండగా, మా జొన్నరొట్టె ఒకటి పూర్తిగా తింది. బేగంపేటలో బండి ఆగిన కుదుపుకు గుంటలో నుంచి అంచు దాకా సన్నని బీటు పాకింది. నేను మూత పెట్టేశాను.

ఏ బండికి వస్తామో ముందే చెప్పి ఉన్నాను గనుక, నాంపల్లిలో సారు గొడుగుతో నిలబడి ఉన్నాడు. పెట్టె కోసం కళాశాల బండి కూడా తెచ్చాడు. ప్లాట్‌ఫారం మీదే మూత తీయించి, కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు.

"ఇదేమిటండీ?"

"గుంట సార్."

"గుంటని నాకూ కనిపిస్తోందండి. ఎలా పడింది?"

"రైల్లో ఒకామె తిన్నది సార్. కడుపుతోని ఉన్నది. అడిగితే ఇచ్చిన."

ఆయన గుంట మీదికి ఇంకాస్త వంగాడు. "పై అంచున తీసి ఉంటే, గదిలో నిలబెట్టేటప్పుడు బిగించే చట్రం కింద కనబడేది కాదు కదా. నట్టనడుమ ఎందుకు తీశారు?"

"పైన గొర్రెల మంద పడ్డది సార్. ఎరువుంటది, పురుగుల గుడ్లుంటయి. కడుపుతో ఉన్న మనిషికి అదెట్ల ఇస్తం?"

"మొరం ఇవ్వలేకపోయారా?"

"పళ్ళిరుగుతయి సార్."

"అడుగున ఆ తెల్లనిది?"

"అది ఇంకా మట్టి కాలేదు సార్."

ఆయన నవ్వలేదు. గుంటలో వేలు పెట్టి కొంచెం మట్టి తీసి, వేళ్ళ మధ్య తీగలా సాగదీసి చూశాడు. "ఇది దాచిపెట్టడానికి పనికిరాదండి. బీటు పడింది. నేను చెప్పిన మాట బీటు పడకుండా అని కదా."

"అవును సార్" అన్నాను. 

"ఇంకొకటి తేవాలి. సోమవారం పొద్దుటి బండికి జట్టంతా శంకరపల్లి వెళ్తోంది. ఈ పెట్టె ఖాళీ చేసి పట్టుకురండి. ఆలస్యం చేస్తే బండి ఆగదండి" అని, గొడుగు చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. నాకంటే ముందు అత్తమ్మకు అర్థమైంది. "అంటె పిల్లను తీస్కున్నట్టేనా సారు?" అని వెనక నుంచి కేక వేసింది. ఆయన తిరగకుండానే చెయ్యి ఊపాడు.

స్టేషన్ బయట టాంగా మాట్లాడుకున్నాం. కళాశాల బండి వద్దని పెట్టెను నా ఒళ్ళోనే అడ్డంగా పెట్టుకున్నాను. అత్తమ్మ సోమవారం రొట్టెలకు పిండి ఎంత కావాలో పైకే లెక్కవేస్తోంది, తనను రమ్మని ఎవరూ పిలవకపోయినా. హఫీజ్‌పేటలో దిగి ఆ రాళ్ళదారిన కొండాపూర్ వెళ్ళివచ్చి, అక్కడ చూడడానికేమీ లేదని నాకు చెప్పకండి. నేను వెళ్ళివచ్చింది కొన్ని మైళ్ళే గాని, నా చదువు నాకు ఇంత దగ్గరగా ఎన్నడూ రాలేదు. ఒళ్ళంతా నొప్పులు, గోళ్ళనిండా ఎరుపు, నవ్వు మాత్రం ఆగడం లేదు. టాంగా అతను వెనక్కి తిరిగి, పెట్టెను చూసి, "ఏం చదువుతరమ్మా?" అని అడిగాడు.

ఎవరు అడిగినా ఇన్నాళ్ళూ వ్యవసాయం అని చెప్పేదాన్ని. మట్టి చదువుతున్నానని ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పాను.